ఎంతలో 27 శాతం? నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి

ఆదివారం_చదువరి

నమస్తే అండీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా నాన్న ముప్పై ఏళ్ళు పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. చూపు బాగానే ఉంది గానీ, ఈమధ్య చదివింది చదివినట్టే జారిపోతోంది. పేరా చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండటం లేదు. అందుకని ఆదివారం పొద్దున నేనే సైన్సు వార్తలు చదివి వినిపిస్తుంటాను. వారమంతా ఫోన్లో దాచిపెట్టుకున్నవి అన్నమాట. అల్జీమర్స్ మొదటి దశ కావచ్చు, ఇంకా పరీక్షలు చేయాలి అని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం దాని జోలికి పోము.

మొన్న ఆదివారం మూడు వార్తలు చదివాను. ఒకటి లెకనెమాబ్ అనే మందు గురించి. జబ్బు ముదరడాన్ని 27 శాతం నెమ్మదింపజేస్తుందట. చదువుతుంటే నా గొంతులో ఆశ ఆయనకు వినబడే ఉంటుంది. రెండోది, అమెరికాలో గబ్బిలాలు చచ్చిపోయిన ప్రాంతాల్లో పసిపిల్లల మరణాలు దాదాపు 8 శాతం పెరిగాయని. మూడోది, సౌర తుఫాను వచ్చి పొలాల్లో ట్రాక్టర్లు ఆగిపోయాయని.

నాన్న కళ్ళు మూసుకుని విన్నారు. "ఎంతలో 27?" అన్నారు. వెతికాను, వార్తలో లేదు. గబ్బిలాల దగ్గర "ఎవరితో పోల్చి చూశారు?" అన్నారు. అదీ లేదు. ట్రాక్టర్ల వార్తకు మాత్రం నవ్వేసి, "సూర్యుడికీ ట్రాక్టరుకీ మధ్య ఏముందో చెప్పకుండా దూకేశాడేం" అన్నారు. క్లాసులోనూ ఇంతేనట. లెక్కకు జవాబు సరిగ్గా వచ్చినా, మధ్య మెట్లు రాయకపోతే సున్నాయే.

అరగంట పోయాక, ఇంకా చదవలేదనుకుని, అదే మందు వార్త మళ్ళీ చదవమన్నారు. చదివాను. మళ్ళీ "ఎంతలో 27?" వార్త మర్చిపోయారు గానీ ప్రశ్న మాత్రం అదే వచ్చింది.

ఈ మూడింటినీ ఎంతవరకు నమ్మొచ్చు? ఈ పనుల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మధ్య మెట్లతో సహా చెప్పండి, వచ్చే ఆదివారం ఆయనకు చదివి వినిపిస్తాను. మందు వాడాలా వద్దా అని అడగట్లేదు. అది డాక్టరు గారితో మాట్లాడుకుంటాం.

ట్రయల్_డేటా

క్లినికల్ ట్రయల్స్‌లో వచ్చే డేటాను సరిచూడటం నా ఉద్యోగం. ఈ మందు ట్రయల్‌లో నేను లేను గానీ, ఇదే స్కేలు వాడిన వేరే వాటిలో పనిచేశాను.

మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు ఒక్క తీసివేతలో ఉంది. 1.66 నుంచి 1.21 తీసేయండి. 0.45 వస్తుంది. అది 1.66లో 27 శాతం. ఆ 27 అక్కడిదే.

ఇప్పుడు ఆ 1.66 ఏమిటో చెప్తాను. జబ్బు ఎంత ముదిరిందో కొలవడానికి ఒక ఇంటర్వ్యూ ఉంటుంది. జ్ఞాపకశక్తి, కాలం-చోటు తెలియడం, సమస్య వస్తే ఆలోచించుకోగలగడం, బయటి వ్యవహారాలు, ఇంటి పనులు-హాబీలు, తన పనులు తాను చేసుకోవడం. మొత్తం ఆరు గడులు. ఒక్కో గడిలో 0, 0.5, 1, 2, 3 వీటిలో ఏదో ఒకటి వేస్తారు (చివరి గడిలో మాత్రం 0.5 ఉండదు). కూడితే 0 నుంచి 18 దాకా వస్తుంది. ఎక్కువ వస్తే అంత ముదిరినట్టు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ముందు ఇంట్లోవాళ్ళను విడిగా కూర్చోబెట్టి, "ఈ మధ్య ఆయన జీవితంలో జరిగిన ఒక సంగతి వివరంగా చెప్పండి" అని రాసుకుంటారు. తర్వాత పేషెంటును అదే అడుగుతారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అంకె వేస్తారు. ఆ కాగితాలు చూసే పని నాది. ఒకాయన తన మనవరాలు పుట్టిన తేదీ తప్పు చెప్పి, ఆ రోజు వాన పడిందని మాత్రం సరిగ్గా చెప్పారు. దానికి అంకె వేయడం ఎంత కష్టమో చూడండి.

2022 చివర్లో వచ్చిన ఆ ట్రయల్‌లో 1,795 మంది ఉన్నారు. కంప్యూటరే చీటీలు వేసినట్టు వాళ్ళను రెండు సగాలు చేసింది. ఒక సగానికి రెండు వారాలకోసారి మందు డ్రిప్, ఇంకో సగానికి మందులేని డ్రిప్. ఎవరికి ఏది ఎక్కుతోందో వాళ్ళకూ తెలియదు, ఇంటర్వ్యూ చేసేవాళ్ళకూ తెలియదు. మొదట్లో ఇద్దరి సగటు స్కోరూ 3.2 దగ్గరే ఉంది. 18 నెలలకు మందు లేనివాళ్ళు సగటున 1.66 దిగజారారు, మందు ఎక్కినవాళ్ళు 1.21 దిగజారారు. అంటే మందు ఎక్కినవాళ్ళు కూడా మెరుగుపడలేదు, కాస్త నెమ్మదిగా దిగారు. వార్తల్లో ఈ వాక్యం కనబడదు.

ఇంకో సంగతి గమనించండి. స్కోరులో అతి చిన్న మెట్టు 0.5. ఒక్క మనిషి స్కోరులో 0.45 మార్పు అని రాయడానికే వీలుకాదు. అది వందల మందిని కలిపి తీస్తే వచ్చిన సగటు. తేడా ఉందన్నది గట్టిగానే తేలింది. ఆ తేడా ఇంట్లో మనకు కనబడేంత పెద్దదా అన్న దాని మీద డాక్టర్లలోనే రెండు వర్గాలున్నాయి.

రెండో పక్క కూడా చెప్పాలి. మందు తీసుకున్నవాళ్ళలో 12.6 శాతం మందికి మెదడు స్కాన్‌లో వాపు కనిపించింది. రెండో సగంలో అది 1.7 శాతమే. చాలామందికి పైకి ఏ లక్షణమూ లేదు, స్కాన్ చేశారు కాబట్టి తెలిసింది. ఏపీఓఈ4 అనే జన్యువు రెండు కాపీలు ఉన్నవాళ్ళలో మాత్రం వాపు దాదాపు మూడింట ఒకరికి వచ్చింది. డాక్టరు గారిని కలిసినప్పుడు ఆ జన్యు పరీక్ష గురించి తప్పకుండా అడగండి.

శాతం మాయ ఈ ఒక్క మందుకే అనుకోకండి. సెమాగ్లుటైడ్ అనే బరువు తగ్గించే మందు వాడితే గుండెపోటు, పక్షవాతం లాంటివి 20 శాతం తగ్గాయని 2023లో వచ్చింది కదా. 17 వేలకు పైగా మంది, మూడేళ్ళకు పైగా. అసలు అంకెలు: అవి వచ్చినవాళ్ళు 8.0 శాతం నుంచి 6.5 శాతానికి తగ్గారు. "20 శాతం తగ్గింది" నిజమే, "నూటికి ఒకటిన్నర మంది తప్పించుకున్నారు" కూడా నిజమే. హెడ్డింగ్‌లోకి ఏది ఎక్కుతుందో మీకు తెలిసిందే.

నా ఉద్యోగంలో అంకె చూసి కుర్చీలోంచి లేచింది ఒక్కసారే. 2024లో లెనకపవిర్ అనే హెచ్ఐవీ నివారణ ఇంజెక్షన్ ఫలితాలు వచ్చినప్పుడు. ఆరు నెలలకోసారి వేస్తారు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో అది తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. సున్నాకు శాతాల గొడవ లేదు.

ఆదివారం_చదువరి

చాలా థాంక్స్ అండీ. నిజం చెప్పాలంటే చదువుతుంటే దిగులేసింది. 27 అని విన్నప్పుడు మనసులో నేను వేరే లెక్కేసుకున్నాను, నాలుగో వంతు జబ్బు పోతుందేమో అన్నట్టు. జన్యు పరీక్ష సంగతి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మరి గబ్బిలాల సంగతో? వాటికి ఇలా చీటీలు వేయలేరు కదా. "ఈ ఊళ్ళలో గబ్బిలాలను చంపుదాం, ఆ ఊళ్ళలో ఉంచుదాం" అని ఎవరూ అనరు.

పురుగుల_సీసా

చీటీలు మనుషులు వేయలేదు, బూజు వేసింది. ఆ పేపర్లో నాకు నచ్చింది అదే.

2006 చలికాలంలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక గుహలో గబ్బిలాల ముక్కు మీద తెల్లటి బూజు కనిపించింది. గబ్బిలం చలికాలమంతా ఒంట్లో కొవ్వును పొదుపుగా ఖర్చుపెట్టుకుంటూ నిద్రపోతుంది. ఈ ఫంగస్ పట్టిందంటే మాటిమాటికీ మెలకువ వస్తుంది. లేచిన ప్రతిసారీ కొంత కొవ్వు కరుగుతుంది. వసంతం రాకముందే నిల్వ అయిపోతుంది, బయట తినడానికి పురుగులుండవు, ఆకలితో చచ్చిపోతాయి. కొన్ని గుహల్లో పదింట తొమ్మిది పోయాయి.

ఈ బూజు దేశమంతా ఒకేసారి రాలేదు. ఒక కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఈ ఏడు వస్తే, పక్కదానికి రెండు మూడేళ్ళ తర్వాత వచ్చింది. ఎక్కడ ఏ పంట వేశారు, ఎక్కడ ఆసుపత్రులు బాగున్నాయి అని చూసుకుని అది రాదు కదా. ఎయాల్ ఫ్రాంక్ అనే ఆర్థికవేత్త దీన్ని పట్టుకున్నాడు. బూజు వచ్చిన కౌంటీలను, అప్పటికింకా రాని కౌంటీలతో పోల్చాడు. పేపరు 2024 సెప్టెంబరులో సైన్స్ పత్రికలో వచ్చింది. పంట పురుగులను తినే గబ్బిలాలు పోయిన చోట రైతులు పురుగుమందు సగటున 31 శాతం ఎక్కువ కొట్టారు. ఆ కౌంటీల్లోనే ఏడాదిలోపు పిల్లల మరణాలు 7.9 శాతం పెరిగాయి.

మీ నాన్నగారు "ఎంతలో 7.9?" అంటారు కాబట్టి ముందే చెప్తున్నా. ఆ కాలంలో అమెరికాలో వెయ్యి జననాలకు సుమారు ఆరుగురు ఏడాదిలోపు చనిపోయేవారు. ఆరులో 7.9 శాతం అంటే అరకు కాస్త తక్కువ. సుమారు రెండు వేల జననాలకు ఒక బిడ్డ అదనం. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, అన్ని కౌంటీలూ కలిపితే 1,300 దాటింది.

ఊరికే_అడిగా

మధ్యలో దూరుతున్నందుకు సారీ. ఒకటి తగ్గింది, ఇంకోటి పెరిగింది, రెండిటికీ ముడిపెట్టి పేపరు రాసేశారు. గొడుగులు తెరిచారు కాబట్టి వాన పడింది అన్నట్టుంది.

పురుగుల_సీసా

అడగాల్సిన మాటే. అందుకే అతను కొన్ని తలుపులు మూసుకుంటూ వచ్చాడు. ప్రమాదాలు, హత్యల వల్ల పోయిన పిల్లలను లెక్కలోంచి తీసేశాడు, పురుగుమందుతో వాటికి సంబంధం ఉండదు కాబట్టి. బూజు రాకముందు ఏళ్ళలో రెండు రకాల కౌంటీలూ ఒకే దారిలో నడిచాయా అని చూశాడు. నడిచాయి, బూజు వచ్చాకే విడిపోయాయి. అయినా ఒక మెట్టు లేదు, అది ఒప్పుకోవాలి. ఏ తల్లి రక్తంలోనూ, ఏ ఇంటి నీళ్ళలోనూ మందు కొలవలేదు. అన్నీ కౌంటీ స్థాయి అంకెలే. కాబట్టి నా మట్టుకు నేను దాన్ని "గట్టి అనుమానం" అంటాను, "రుజువైంది" అనను.

ఇతనే అనంత్ సుదర్శన్‌తో కలిసి రాబందుల మీద చేసిన పని కూడా ఇలాంటిదే. పశువులకు వాడే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్లే, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు దక్షిణాసియాలో చస్తున్నాయని 2004లో తేలింది. మన దేశంలో 2006లో పశువులకు ఆ మందు ఆపేశారు. వీళ్ళిద్దరూ రాబందులు ఎక్కువగా ఉండే జిల్లాలనూ, మొదటినుంచీ పెద్దగా ఉండని జిల్లాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. కళేబరాలు తినేవి పోయి, అవి కుళ్ళి రోగాలు పెరగడంతో 2000 నుంచి 2005 మధ్య సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని లెక్క తేల్చారు. నొప్పి తగ్గించే మాత్ర దగ్గర మొదలై ఎక్కడ తేలిందో చూడండి.

ఇక నా పేరు సంగతి. నేను పొలం గట్ల మీద పురుగుల వలలు పెట్టే పని చేస్తాను. మలేజ్ ట్రాప్ అంటారు. చూడటానికి పక్కలు తెరిచిన గుడారంలా ఉంటుంది. ఎగిరే పురుగు గుడ్డకు తగిలి, వెలుతురు వైపు పైకి పాకి, కొసన ఉన్న సీసాలో పడుతుంది. సీసాలో ఆల్కహాల్. పది రోజులకోసారి వెళ్ళి సీసా మారుస్తాను. మూత తీయగానే వచ్చే ఆ వాసన ఎన్నేళ్ళయినా అలవాటు కాలేదు. తర్వాత జల్లెడలో వంచి ఆల్కహాల్ కారనివ్వాలి. తూకం ఎప్పుడు వేయాలో చెప్పే నియమం భలే ఉంటుంది: ఒక చుక్కకూ తర్వాతి చుక్కకూ మధ్య మొదటిసారి పది సెకన్లు దాటాలి. గడియారం పట్టుకుని చుక్కలు లెక్కపెడుతూ కూర్చుంటాను. ముందే తూచితే ఆల్కహాల్ బరువు కలుస్తుంది, ఆలస్యమైతే పురుగులు ఎండిపోతాయి.

2017లో జర్మనీ నుంచి వచ్చిన ప్రసిద్ధ పేపరు ఇలాంటి సీసాల మీదే నిలబడింది. 63 రక్షిత ప్రదేశాలు, 27 ఏళ్ళు, ఎగిరే పురుగుల బరువు 76 శాతం పడిపోయింది. ఈ పని మొదలుపెట్టింది క్రెఫెల్ట్ ఊళ్ళో ఒక ఔత్సాహికుల సంఘం. జీతాల్లేవు, ప్రచారం లేదు, ఏళ్ళ తరబడి సీసాలు దాచారు. ఆ పేపరంటే నాకు గౌరవం. కానీ దాన్ని పట్టుకుని "ప్రపంచంలో పురుగులన్నీ పోయాయి" అనేవాళ్ళంటే చిరాకు. అందులో చాలా చోట్ల ఒక్క ఏడాదే వల పెట్టారు. 2020లో 1,676 చోట్ల లెక్కలు కలిపి చూస్తే, నేల మీది పురుగులు పదేళ్ళకు సుమారు 9 శాతం తగ్గుతున్నాయనీ, మంచినీళ్ళలో ఉండేవి సుమారు 11 శాతం పెరుగుతున్నాయనీ వచ్చింది. తగ్గుదల నిజమే. ఎంత అన్నది చోటును బట్టి, పురుగును బట్టి ఉంటుంది.

పొలంలో నిజంగా చీటీలు వేయలేమా అంటే వేయొచ్చు. ఇంగ్లండ్‌లో హిల్స్‌డెన్ దగ్గర 900 హెక్టార్ల వ్యవసాయ క్షేత్రాన్ని ముక్కలు చేసి, కొన్నిట్లో మామూలు సాగు, కొన్నిట్లో గట్ల పక్కన, మూలల్లో 8 శాతం దాకా నేలను పూలమొక్కలకు, పిట్టలకు వదిలేశారు. ఆరేళ్ళు చూశారు. నేల తగ్గినా మొత్తం దిగుబడి తగ్గలేదు. రైతులకు నేను మొదట చెప్పేది ఇదే. పురుగుల మీద జాలితో మొదలుపెడితే ఎవరూ వినరు.

రాత్రి_షిఫ్ట్

ఆలస్యంగా వచ్చాను. మూడో వార్త నాకు వదిలేసినట్టున్నారు, ఉపగ్రహాల కంట్రోల్ రూమ్‌లో నా డ్యూటీ కాబట్టి తీసుకుంటున్నా.

సార్‌కి చెప్పండి, సూర్యుడికీ ట్రాక్టరుకీ మధ్య అయనోస్ఫియర్ ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. వాటి సిగ్నల్ కిందికి వస్తూ, ఎలక్ట్రాన్లు నిండిన ఆ పొరలో కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే మన ఫోన్లో కొన్ని మీటర్ల తప్పుగా కనబడుతుంది. సాళ్ళు తీసే ట్రాక్టరుకు మీటర్లు పనికిరావు, రెండు మూడు సెంటీమీటర్లలో ఉండాలి. అందుకని పొలానికి దగ్గర్లో, కచ్చితమైన చోటు తెలిసిన ఒక బేస్ స్టేషన్ పెడతారు. "నేనున్న చోటు నాకు తెలుసు, సిగ్నల్ మాత్రం ఇంత తప్పు చెబుతోంది" అని అది ట్రాక్టరుకు చెబుతుంటుంది. ట్రాక్టరు అంత సరిచేసుకుంటుంది. ఇదంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది: ఇద్దరి నెత్తి మీదా ఒకే ఆకాశం ఉందని.

2024 మే 10 రాత్రి ఆ నమ్మకం పోయింది. సూర్యుడు విసిరిన కణాల వల్ల, 2003 అక్టోబరు తర్వాత మొదటిసారి జి5, అంటే అన్నిటికన్నా పై స్థాయి భూఅయస్కాంత తుఫాను. అయనోస్ఫియర్ అతుకులు అతుకులుగా తయారైంది. బేస్ స్టేషన్ పైన ఒకలా, ట్రాక్టరు పైన ఇంకోలా. వచ్చిన సవరణే తప్పు. అమెరికా మధ్య రాష్ట్రాల్లో సరిగ్గా విత్తనాలు వేసే రోజులవి. ఇంజన్‌కు ఏమీ కాలేదు. గీత తప్పుతున్నాయని డ్రైవర్లే ఆపేశారు. "ట్రాక్టర్లు ఆగిపోయాయి" అంటే ఇదీ సంగతి.

నా షిఫ్ట్‌లో స్క్రీన్ మీద రెండు గీతలుంటాయి. ఒకటి ఉపగ్రహం ఉండాల్సిన ఎత్తని మోడల్ చెప్పేది, ఇంకోటి నిజంగా ఉన్నది. మామూలు రాత్రుల్లో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. తుఫాను వస్తే పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, ఉపగ్రహానికి గాలి ఒరిపిడి పెరుగుతుంది, రెండో గీత నెమ్మదిగా కిందికి వంగుతుంది. అప్పుడు టెన్షన్ మొదలు. 2022 ఫిబ్రవరి 3న 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను ముందుగా 210 కిలోమీటర్ల దగ్గర వదిలారు. మర్నాడు తుఫాను వచ్చింది. ఒరిపిడి 50 శాతం దాకా పెరిగి, 38 ఉపగ్రహాలు పైకి ఎక్కలేక కాలిపోయాయి. అదేమీ పెద్ద తుఫాను కూడా కాదు.

మందుల ట్రయల్‌లా చేద్దామంటే మాకు రెండో సూర్యుడు లేడు. మనుషుల విషయంలో ఒక్కసారి అదృష్టం కలిసొచ్చింది. స్కాట్ కెల్లీ 340 రోజులు అంతరిక్షంలో ఉంటే, అతని కవల మార్క్ కెల్లీ నేల మీద ఉన్నాడు. 2019లో ఫలితాలు వచ్చాయి. పైన ఉన్నప్పుడు స్కాట్ క్రోమోజోముల కొసలు పొడవయ్యాయి, కిందికి దిగిన రెండు రోజుల్లోనే చాలావరకు మళ్ళీ పొట్టివయ్యాయి. అదృష్టమే గానీ, అటొకరు ఇటొకరు. దాన్నుంచి అందరికీ వర్తించే మాట ఒక్కటీ చెప్పలేం.

ఆదివారం_చదువరి

అందరివీ ప్రింట్ తీసి ఈరోజు చదివాను. రెండు విడతలుగా చదవాల్సి వచ్చింది.

మందు దగ్గర పెన్సిల్ అడిగారు. పేపరు అంచు మీద 0.45ని 1.66తో భాగించి, "0.271, సరే" అన్నారు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. "మందు ఎక్కినవాళ్ళూ దిగారన్నమాట" అన్నారు. అవును నాన్నా అన్నాను. మొదటిసారి ఇద్దరం ఆ విషయం మాట్లాడుకున్నాం, ఒక పావుగంట. జన్యు పరీక్ష చేయించుకుంటానన్నారు.

చుక్కల మధ్య పది సెకన్ల దగ్గర నవ్వి, వాచీ చూసుకుంటూ పది దాకా లెక్కపెట్టారు. బేస్ స్టేషన్ పేరా మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు. రాత్రి_షిఫ్ట్ గారూ, మీకు ఫుల్ మార్కులట.

పురుగుల_సీసా గారూ, మీకో ప్రశ్న ఉంది. "బూజును తట్టుకుని గబ్బిలాలు మళ్ళీ పెరిగిన చోట్ల, మందు కొట్టడం తగ్గిందా? పిల్లల మరణాలు మళ్ళీ తగ్గాయా? పెరగడం ఒక్కటే చూస్తే సగం లెక్కే" అన్నారు. అని, "ఇది రాసిపెట్టు, నేను మర్చిపోతాను" అన్నారు.